మంచూరియా నుంచి తిరిగొచ్చిన జపాన్ పిల్లలు అప్పట్లో రాసుకున్నవి ఎక్కడ దొరుకుతాయి?

మంచూరియా అంటే రెండో ప్రపంచయుద్ధంలో ఓడేదాకా జపాన్ ఏలుబడిలో ఉన్న ఈశాన్య చైనా. 1946 మే నుంచి అక్కడి హులుదావో రేవు మీదుగా మంచూరియా జపనీయుల్ని ఓడల్లో జపాన్ రేవులైన హకాటా, ససేబో, మైజురులకు చేర్చారు. దిగగానే డీడీటీ పొడి కొట్టి, రైలెక్కించి ఎవరి ఊరికి వాళ్లను పంపేశారు. ఓడలో జట్టు కట్టిన పిల్లలు అక్కడే చెల్లాచెదురయ్యారు. 1948 ఫిబ్రవరి సర్వేలో తేలిన 1,23,511 మంది అనాథల్లో 11,351 మంది ఇలా బయటి నుంచి తిరిగొచ్చినవాళ్లే.

ఆ పిల్లల స్నేహాల మీద వ్యాసం రాస్తున్నాను. పెద్దయ్యాక రాసిన జ్ఞాపకాలకు కొదవలేదు. వాటినిండా ఆకలి, చలి, దారిలో పోయిన చెల్లెలు. పక్కన కూర్చున్న నేస్తం మాత్రం అరుదు. అందుకే బడిలో పిల్లలే రాయగా, టీచర్లు స్టెన్సిల్ కోసి అచ్చేసిన సంకలనాలు కావాలి.

జపాన్ జాతీయ డైట్ లైబ్రరీ డిజిటల్ సేకరణలో 'హికియాగె' (స్వదేశానికి తిరిగిరావడం), 'బున్‌షూ' (రచనల సంకలనం) అని జపనీస్ లిపిలోనే కొట్టి వెతికాను. పేరు కనిపిస్తుంది, పేజీ తెరుచుకోదు. కాపీరైట్ ఉన్న పాత పుస్తకాల్ని ఇంటి నుంచి చూసే సదుపాయం జపాన్‌లో ఉండేవాళ్లకే. ఫొటోకాపీలు పోస్టులో పంపుతారు గానీ ఏ పేజీలో మనమే చెప్పాలి. చూడని పుస్తకంలో పేజీ నంబరు ఎలా చెప్తాం? 2015లో యునెస్కో జాబితాకెక్కిన మైజురు పత్రాల్లో ఎక్కువగా యుద్ధం తర్వాత సోవియట్లు సైబీరియాలో బందీలుగా ఉంచిన జపనీయుల రాతలే.

1946–50 మధ్య ఈ పిల్లలు రాసిన బడి సంకలనం, ఇండియా నుంచి చదవగలిగేది, ఏ లైబ్రరీలో ఉంది?