‘బ్యూటీ ఈజ్ ట్రూత్’ అన్నది కీట్సా, కలశమా?

ప్రశ్న: సాహిత్య సభల్లో “సౌందర్యమే సత్యం, సత్యమే సౌందర్యం అన్నాడు ఇంగ్లీషు కవి కీట్స్” అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్న మా అమ్మాయేమో “కీట్స్ అనలేదు నాన్నా, ఆ కలశం అంది” అంటోంది. న్యూ క్రిటిసిజం (కవి సంగతులు పక్కనపెట్టి పద్యాన్నే చదివే విమర్శ పద్ధతి) పాఠంలో అలా చెప్పారట. ఇందులో నిజమెంత?

జవాబు: మీ అమ్మాయి మాటలో పస ఉందండి. కీట్స్ 1819లో రాసిన ‘ఓడ్ ఆన్ ఎ గ్రీషియన్ అర్న్’ (ఒక గ్రీకు కలశాన్ని పలకరిస్తూ రాసిన పద్యం)లో చివరి రెండు పాదాలివి:

బ్యూటీ ఈజ్ ట్రూత్, ట్రూత్ బ్యూటీ, దట్ ఈజ్ ఆల్
యీ నో ఆన్ ఎర్త్, అండ్ ఆల్ యీ నీడ్ టు నో.

అంటే: సౌందర్యమే సత్యం, సత్యమే సౌందర్యం; భూమ్మీద మీకు తెలిసిందీ అంతే, తెలియాల్సిందీ అంతే. విడిగా తీసి చదివితే క్యాలెండర్ మీద వేసుకునే సూక్తిలా ఉంటుంది. కవి, విమర్శకుడు టి.ఎస్. ఎలియట్‌కు కూడా ఇది మింగుడుపడలేదు. 1929లో డాంటే మీద రాసిన వ్యాసంలో, అందమైన పద్యానికి ఇదొక మచ్చ అనేశాడు. ఆ పాదాలను సమర్థిస్తూ అమెరికన్ విమర్శకుడు క్లియంత్ బ్రూక్స్ రాసిన వ్యాసం ఆయన 1947 నాటి పుస్తకం ‘ది వెల్ రాట్ అర్న్’లో ఉంది.

ఆ వాదనంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది: ఈ మాట ఎవరి నోట వస్తోంది? దీనికి ముందు పాదంలోనే కవి కలశంతో “నువ్వు మనిషికి నేస్తానివై ఇలా అంటావు” అంటున్నాడు. అంటే ఇది పాత్ర చెప్పే డైలాగు. స్టేజి మీద దుర్యోధనుడు పాడిన పద్యాన్ని కవిగారి సొంత అభిప్రాయంగా ఎవరూ లెక్కకట్టరు కదా.

అయితే ఆ పాత్ర ఎలాంటిది? మొదటి పాదంలోనే దాన్ని నిశ్శబ్దానికి పెళ్లికూతురన్నాడు. వినబడే పాటకన్నా వినబడనిదే తీపి అన్నాడు. నాలుగో చరణం ఒకసారి నిదానంగా చదవండి. కలశం మీది బొమ్మలో జనం ఆవుపెయ్యను బలికి తోలుకెళ్తుంటారు. వాళ్ల ఊరు కలశం మీద చెక్కి లేదు, అది పూర్తిగా కవి ఊహ. బొమ్మలో ఉన్నవాళ్లు ఇంటికి ఎలా పోతారు? కాబట్టి ఆ ఊరి వీధులు ఎప్పటికీ ఖాళీయే. ఎందుకు ఖాళీ అయ్యాయో చెప్పడానికి ఒక్క ప్రాణీ వెనక్కి రాదు. నాకు ఈ పద్యంలో అన్నిటికన్నా గుచ్చుకునే చోటు ఇదే. పేర్లు, తేదీలు ఏమీ చెప్పని, కలశమనే ఈ మూగ చరిత్రకారుడు ఆఖర్న నోరు విప్పితే వచ్చే మాట అది. పాత్రకు తగ్గట్టే ఉంది, పద్యం నుంచి ఊడదీయకండి అంటాడు బ్రూక్స్.

పద్యాన్నే పట్టుకు చూసే ఈ పద్ధతికి ముందు దారి వేసినవాడు కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్. కవుల పేర్లు తీసేసి విద్యార్థులకు పద్యాలిచ్చి, వాళ్లు రాసిన వ్యాఖ్యలతో 1929లో పుస్తకమే వేశాడు. న్యూ క్రిటిసిజం అన్న పేరు స్థిరపడింది 1941లో జాన్ క్రో రాన్సమ్ పుస్తకంతో. 1946లో విమ్‌సాట్, బియర్డ్‌స్లీ అనే ఇద్దరు అమెరికన్లు ఇంకో అడుగు ముందుకేసి, కవి ఉద్దేశం ఏమిటో ఆయన్నే అడిగి తేల్చుకోవడం విమర్శ కాదన్నారు.

మరొకరు: బాగుంది. కానీ నా దగ్గరున్న పుస్తకంలో కొటేషన్ గుర్తులు మొదటి ఐదు మాటలకే ఉన్నాయి. మిగతాది ఎవరు ఎవరితో అంటున్నట్టు? కవి కలశంతోనా?

జవాబు: కలశంతో అయ్యుండదనే నా పట్టు. పద్యమంతా దాన్ని ‘దౌ’ అని ఏకవచనంలో పిలిచాడు. ఇక్కడ వచ్చింది ‘యీ’, మామూలుగా బహువచనం. నువ్వు, మీరు తేడా మనకు కొత్తగా చెప్పాలా? కలశం మనుషులందరితో అంటోందని చదివితే అతుకుతుంది. కవి మనతో అంటున్నాడనే వాళ్లూ ఉన్నారు, కలశం మీది బొమ్మలతో అనేవాళ్లూ ఉన్నారు.

గుర్తుల సంగతే చిక్కు. కీట్స్ చేతిరాత ప్రతి దొరకలేదు. మిత్రులు, తమ్ముడు రాసుకున్న నకళ్లలో కొటేషన్లు లేవు. 1820 మొదట్లో ఒక పత్రికలో అచ్చయినప్పుడూ లేవు. ఆ ఏడాది జులైలో వచ్చిన పుస్తకంలో ప్రత్యక్షమయ్యాయి. అప్పటికి కీట్స్ క్షయతో బాగా నీరసించి ఉన్నాడు. ఆ గుర్తులు తనే పెట్టాడా, ప్రచురణకర్తలు పెట్టారా? బయటి సమాచారం వద్దు, పాఠమే చాలు అన్నవాళ్లకు నా పేచీ ఇక్కడే: ఏ పాఠం? ఆ ముక్క తేల్చడానికి వాళ్లు వద్దన్న ఉత్తరాలూ, అచ్చాఫీసు చరిత్రా తిరగేయక తప్పదు. బ్రూక్స్ చదివిన తీరు మాత్రం గుర్తులు లేకపోయినా నిలుస్తుంది, “అంటావు” అన్న క్రియ పద్యంలోనే ఉంది కాబట్టి.

కొందరు సంపాదకులు రెండు పాదాలూ కలిపి కొటేషన్‌లో పెట్టారు. మీ అమ్మాయి పాఠ్యపుస్తకంలో ఎక్కడ మూశారో ఒకసారి చూసి చెప్పండి.