ఎర్రసుద్ద చిత్రం: ఎదురచ్చా, ఎడమచేతి నకలా?

రోములోని విల్లా ఫార్నెసీనా అనే భవనంలో, చిత్రకారుడు రఫాయెల్ బృందం 1518 ప్రాంతంలో పూర్తి చేసిన సైకీ మండపపు కుడ్యచిత్రాలలో, మన్మథుడైన క్యూపిడ్ ముగ్గురు గ్రేసులకు (సౌందర్య దేవతలకు) తన ప్రేయసి సైకీని చూపించే ఘట్టం ఒకటుంది. అందులో వీపు కనబడేలా కూర్చున్న గ్రేసును ఎర్రసుద్దతో నకలు చేసిన పాత చిత్రం ఒకటి నా వద్ద ఉంది. కొలత 27 × 19 సెంటీమీటర్లు. అట్టకు పూర్తిగా అంటించి ఉంది.

కుడ్యచిత్రం ఫోటోతో పోల్చి చూడగా బొమ్మ కుడిఎడమలుగా తిరగబడి ఉంది. ఛాయ గీతలు కూడా, కుడిచేతి వాటం వారు సాధారణంగా గీసే వాలుకు ఎదురుగా, ఎడమ పైనుంచి కుడి కిందికి వాలుతున్నాయి కనుక, అసలు బొమ్మపై తడి కాగితం అదిమి తీసిన ఎదురచ్చు అనుకున్నాను. అయితే పది రెట్ల భూతద్దంతో చూస్తే, వీపు మీది గీతలు చదునుగా, పాలిపోయి ఉండగా, భుజం అంచున, మడమ దగ్గర మాత్రం సుద్ద రేణువులు కాగితపు గరుకు మీద విడివిడిగా, ముదురుగా నిలిచి ఉన్నాయి. ఆ మడమ గీత ఎంత ధీమాగా పడిందంటే, దాన్ని వట్టి అచ్చుగా ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు. వెనుక నుంచి దీపం పెట్టి చూశాను గానీ, అట్ట మందం వల్ల కాగితంలోని నీటిగుర్తు (తయారీదారు ముద్ర) కనబడలేదు. సుద్ద నీటికి చెదిరిపోతుందన్న భయంతో అట్టను ఊడదీయలేదు.

అట్టను కదిలించకుండా, పైపొరను మాత్రమే పరిశీలించి, ఇది తరువాత సుద్దతో దిద్దిన ఎదురచ్చో, కుడ్యచిత్రాన్ని ఫలకంపై చెక్కి అచ్చు వేయగా తిరగబడిన ముద్రణను చూసి ఎడమచేతి వాటం గలవారు వేసిన నకలో ఏ గుర్తులతో తేల్చవచ్చు?