గేర్‌బాక్సు ఆయిలు కారుతోందండి, దించాల్సిందేనా?

రాజోలు కొబ్బరితోట:
అందరికీ నమస్కారమండి. పన్నెండేళ్ల నాటి చిన్న పెట్రోలు కారండి, ఫ్రంట్ వీల్ డ్రైవు, ఐదు గేర్లు. పది రోజులుగా పొద్దున్నే వాకిట్లో చప్టా మీద అరచేయంత మరక కనబడుతోంది. రాత్రి అట్టముక్క పరిచి చూశాను. ఎడమ ముందు చక్రానికి కాస్త లోపలగా పడుతోంది. ఇంజినాయిలు నలుపు కాదండి, తేనెరంగు. వాసన చూస్తే గంధకంలా ముక్కుకి కొడుతోంది. పొద్దున్నే రెండో గేరు గట్టిగా పడుతోంది కూడా. షెడ్డులో చూపిస్తే గేర్‌బాక్సు దించాలి, మూడు రోజులన్నారు. నాన్నగారిని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి అమలాపురం తీసుకెళ్లాలండి. మూడు రోజులు బండి లేకపోతే ఎలా?

పాలకొల్లు పానా:
కంగారుపడకండి బాబూ. ముప్పై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. ఆ రంగూ వాసనా గేరాయిలువే. ఎక్కణ్ణుంచి వస్తోందో తేలకుండా దేన్నీ దించనివ్వకండి. గేర్‌బాక్సుని డీజిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పది కిలోమీటర్లు తిప్పి చూడండి. ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే అతుకు కింద తడిస్తే లోపలి సీలు, అంటే ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు పోయినట్టు, అప్పుడు దించక తప్పదు. యాక్సిలు దూరే చోట తడిస్తే పక్క సీలు. దానికి యాక్సిలు లాగితే చాలు, ఒక పూట పని. కింద ఆయిలు వదిలే డ్రెయిన్ బోల్టు దగ్గరైతే వాషరు మారిస్తే సరి.
కిందికి దూరేముందు బండిని స్టాండ్ల మీద నిలబెట్టండి. ఒక్క జాకీని నమ్మి ఎప్పుడూ దూరొద్దు.
ఆయిలు మట్టం చూడకుండా మాత్రం అమలాపురం బయల్దేరకండి. చాలా బళ్లకి పక్కనుండే నింపే బోల్టు అంచుదాకా ఉండాలి. బేరింగులు ఎండితే అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది.

రాజోలు కొబ్బరితోట:
చూశానండి. తడి యాక్సిలు దగ్గరే. అక్కడ ఇంకోటి కూడా దొరికింది. యాక్సిలు చుట్టూ నైలాను దారం, పదిహేను ఇరవై చుట్లు, గ్రీజులో బురదలో కూరుకుపోయి నల్లటి ఉంగరంలా ఉంది. బ్లేడుతో కోసి తీశాను. గతనెల బావగారి రొయ్యలచెరువు గట్టు మీద చినిగిన వల ముక్కల మీంచి పోనిచ్చాను, అదే అయ్యుంటుంది. ఆయిలు మట్టానికి వేలు పెడితే అందలేదు, టాపప్ చేయించాను.

పాలకొల్లు పానా:
అదే కోసేసింది సీలు పెదవిని. మన చెరువుల దారుల్లో ఇలాంటివి చాలా చూశాను.
ఇక జాగ్రత్తగా వినండి. ముందు నింపే బోల్టు వదులు చేశాకే డ్రెయిన్ బోల్టు విప్పమనండి. మన ఉప్పుగాలికి పైది పట్టేసి రాకపోతే, ఖాళీ గేర్‌బాక్సుతో బండి అక్కడే ఉండిపోతుంది. కొత్త సీలు పెదవికి కాస్త ఆయిలు రాసి, సీలంత వెడల్పున్న గొట్టం ఆనించి నిదానంగా దించాలి. ఓ పక్క సుత్తితో కొడితే వంకరగా దిగి వారంలో మళ్లీ కారుతుంది. సీలు ఆనే చోట యాక్సిలు మీద గోరు నడపండి. గాడి తగిలితే ఆ యాక్సిలుతో కొత్త సీలూ నిలవదు.

భీమవరం సాయంకాలం:
నాదొక అనుభవమండి. మా బండికి సీలు రెండుసార్లు మార్చినా కారింది. చివరికి చూస్తే గేర్‌బాక్సు పైనుండే బ్రీదరు, అదే లోపలి గాలి బయటికి పోయే దారి, బురదతో మూసుకుపోయింది. వేడికి లోపల ఒత్తిడి పెరిగి సీలు మీదకి తోసేది. అదీ శుభ్రం చేయించండి. ఆయిలు మాన్యువల్లో రాసిందే పోయించండి. జీఎల్-4 రకం గేరాయిలు అడిగే బండికి లారీ డిఫరెన్షియల్లో పోసే జీఎల్-5 పోస్తే, అందులో గంధకం మందు ఎక్కువ, గేర్లు మెత్తగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగుల్ని తినేయొచ్చు.

రాజోలు కొబ్బరితోట:
నిన్న పొద్దున్న ఎనిమిదింటికి ఇచ్చాను, పన్నెండున్నరకి బండి చేతికొచ్చింది. గాడి పడలేదండి. బ్రీదరు మూతలో గట్టిపడ్డ మట్టి ఉంది, పిన్నుతో తీయించాను. పాత ఆయిలు పళ్లెంలో పడుతుంటే దగ్గరుండి చూశాను, తెల్లగా పాలలా లేదు, అంటే నీళ్లు దూరలేదు. రెండో గేరు ఇప్పుడు మెత్తగా పడుతోంది. సాయంత్రం నాన్నగారిని తీసుకెళ్లి తెచ్చాను. పానాగారూ, కుడిపక్క సీలు పొడిగానే ఉంది. దాన్ని కూడా ముందుగానే మార్పించనా?

పాలకొల్లు పానా:
పొడిగా ఉన్నదాన్ని కదపకండి. వారంపాటు అట్టముక్క పరిచి చూస్తూ ఉండండి. బావగారి చెరువుకెళ్తే బండి గట్టు మొదట్లోనే ఆపి నడవండి.