రెండేళ్ల పాప క్రిబ్ ఎక్కి దూకబోతోంది, గది ఎలా మార్చాలి?

మా పాపకి వచ్చే నెల రెండేళ్లు. మొన్నటిదాకా చుట్టూ కమ్మీలుండే క్రిబ్‌లో బుద్ధిగా పడుకునేది, ఇప్పుడేమో పైకమ్మీ మీద కాలు వేసి "అమ్మా దా" అంటూ అవతలికి దిగబోతోంది. రెండు మాటలు కలపడం, బంతి తన్నడం అన్నీ వచ్చేశాయి, టెన్షన్ మాకే. గులాబీ రంగు వేయించి మంచం కొందామని మా ఆయన, ఇప్పుడే ఎందుకని అత్తయ్య. కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు. ఏం చేయమంటారు?

జవాబు 1: కాలు పైకి వేసిందంటే పుట్టినరోజు దాకా ఆగకండి, క్రిబ్ తీసేయండి. అమెరికాలో పిల్లల డాక్టర్లు ఎత్తు 35 అంగుళాలు వచ్చేసరికి మార్చేయమంటారు. మంచం కూడా అక్కర్లేదండీ, నేల మీద పరుపు చాలు, కాకపోతే పొద్దున్నే ఎత్తి గోడకి నిలబెట్టాలి, లేదంటే అడుగున చెమ్మకి బూజు పడుతుంది.

జవాబు 2: రంగు తర్వాత, ముందు బీరువా, సొరుగుల బల్ల సంగతి చూడండి. ఈ వయసులో సొరుగులు లాగి మెట్లలా ఎక్కేస్తారు, సొరుగుల బల్ల మొత్తం మీద పడుతుంది. ఓనర్‌ని అడిగి రెండు ఎల్ క్లాంపులతో గోడకి బిగించండి. పరుపు కిటికీ దగ్గర వద్దు, కర్టెన్ తాడు చేతికి అందకూడదు.

జవాబు 3: 2017 నవంబరు నుంచి మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం (లెడ్) 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించకూడదని రూలుంది, డబ్బా మీద చూసి కొనండి. పాత ఇల్లయితే గోడలు గీకే రోజుల్లో పాపని మీ పుట్టింటికి తీసుకెళ్లండి. అయినా గులాబీ ఎవరికిష్టం, పాపకా, వాళ్ల నాన్నకా?

అడిగినవారు: వాళ్ల నాన్నకే అక్కా :) క్రిబ్ ఇవాళే విప్పేస్తున్నాం.