లాట్ లాంగ్‌ని యూటీఎంలోకి మార్చేటప్పుడు పాయింట్లు ఎందుకు జరుగుతున్నాయి?

గ్రిడ్‌బాబు: ఒకరు అక్షాంశం, రేఖాంశం (లాట్ లాంగ్) ఉన్న పాయింట్ల లిస్ట్ పంపారు, యూటీఎంలోకి (డిగ్రీలకి బదులు మీటర్లలో చెప్పే మ్యాప్ గ్రిడ్) మార్చి మ్యాప్ మీద పెడితే తెలిసిన పాయింట్ ఒకటి దక్షిణానికి 22 కిలోమీటర్లు, పడమరకి 21 జరిగిపోయింది. లిస్ట్‌లో 16.30, 80.30 అని ఉంది. ఫార్ములాలోనే ఏమైనా తేడానా?

చైన్‌మ్యాన్: ఫార్ములా జోలికి పోకండి. అది 16 డిగ్రీల 30 నిమిషాలు అయ్యుంటుంది, నిమిషాల్ని 60తో భాగించాలి కదా, అంటే 16.5, 80.5. ఆ 0.2 డిగ్రీల తేడాయే మీ 22 కిలోమీటర్లు. రేఖాంశం వైపు కొంచెం తక్కువ ఎందుకంటే ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. లిస్ట్‌లో దశాంశ చుక్క తర్వాత 59 దాటిన సంఖ్య ఒక్కటీ లేదంటే నాకైతే వెంటనే అనుమానం వస్తుంది

గ్రిడ్‌బాబు: నిజమే అండి, మొత్తం చూశా, 59 దాటింది ఒక్కటీ లేదు!! మరి జోన్ (యూటీఎంలో 6 డిగ్రీల వెడల్పు పట్టీ) ఎలా చూడాలి?

కోడ్‌రాజా: రేఖాంశానికి 180 కలిపి 6తో భాగించి, దశాంశాలు తీసేసి 1 కలపడమే. 80.5కి 44 వస్తుంది. దాని మధ్య రేఖ 81, అక్కడ ఈస్టింగ్ (తూర్పు వైపు మీటర్లు) 5,00,000. మీ పాయింట్ దానికి పడమరన ఉంది కాబట్టి తక్కువ రావాలి, డబ్ల్యూజీఎస్84లో (జీపీఎస్ వాడే భూమి మోడల్) సుమారు 4,46,640 ఈస్టింగ్, 18,24,310 నార్తింగ్ (ఉత్తరం వైపు మీటర్లు) వస్తే సరే. పైథాన్‌లో చేస్తుంటే ఈపీఎస్‌జీ కోడ్ 32644 (ఈ జోన్‌ది) ఇవ్వండి, కానీ 4326లో (లాట్ లాంగ్ కోడ్) అక్షాంశం ముందు అని గుర్తుంచుకోండి, చాలామంది అక్కడే తిరగేస్తారు, పైప్రాజ్‌లో (ఈ మార్పిడి చేసే పైథాన్ లైబ్రరీ) ఆల్వేస్ ఎక్స్‌వై ఆప్షన్ ఆన్ చేస్తే రేఖాంశం ముందు ఇవ్వాలి.

పాతమ్యాప్‌లు: డేటమ్ (కొలతలకి ఆధారంగా తీసుకున్న భూమి మోడల్) సంగతి ఎవరూ అడగలేదేంటి? పాత మ్యాప్ షీట్ ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ (భారత్‌లో పాత మ్యాప్‌లకి వాడిన భూమి ఆకారం) మీద గీసిందైతే ఇవన్నీ కరెక్ట్‌గా చేసినా వందల మీటర్లు జరుగుతుంది. ముందు షీట్ మార్జిన్‌లో ఏముందో చదవాలి, దాన్ని ఎవరూ చదవరు అదే బాధ.

గ్రిడ్‌బాబు: షీట్ డబ్ల్యూజీఎస్84యే. ఇంకో డౌట్, కొన్ని పాయింట్లు 84 దాటి పక్క జోన్‌లోకి పోతున్నాయి, వాటికి వేరే జోన్ వాడాలా?

చైన్‌మ్యాన్: ఒకే డ్రాయింగ్ అయితే అన్నిటికీ 44 జోనే వాడండి, అటు కొంచెం దూరం వరకు ఏం కాదు. జోన్‌లు కలిపితే ఈస్టింగ్ ఒక్కసారిగా దూకుతుంది, లైన్లు తెగిపోతాయి. దక్షిణార్ధగోళంలో నార్తింగ్‌కి కోటి మీటర్లు కలుపుతారు, అది మీకు అవసరం లేదులెండి.

కోడ్‌రాజా: ఇంకోటి, గ్రిడ్ దూరం నేల దూరం ఒకటి కాదు. మధ్య రేఖ దగ్గర స్కేల్ 0.9996, అంటే ఎలిప్సాయిడ్ మీద కిలోమీటరుకి గ్రిడ్‌లో 40 సెంటీమీటర్లు తక్కువ. రేఖకి ఇటూ అటూ 180 కిలోమీటర్ల దగ్గర సరిగ్గా 1 అవుతుంది, ఆ పైన పెరుగుతుంది. టేపుతో కొలిచి మ్యాచ్ కాలేదని కంగారు పడకండి.

గ్రిడ్‌బాబు: 16.5తో మార్చి చూశా, 4,46,639 వచ్చింది, షీట్ మీద ఉన్న గుర్తు మీదే పడింది. మిగతావి కూడా నిమిషాలేనా అని లిస్ట్ పంపినవాళ్లని రాసి అడుగుతున్నా.