వచ్చాడట, గెల్మిష్: గ్రీకు స్నేహితురాలి టర్కిష్ పాఠంలో మన "అట"

అందరికీ నమస్కారం. ఈ వారమంతా నన్ను వదలకుండా పట్టుకున్న మాట మనం రోజుకు పదిసార్లు వాడేదే: "అట". ఇన్నేళ్లూ దాని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఒక గ్రీకు ఆవిడ టర్కిష్ నేర్చుకుంటూ నా చేత ఆలోచింపజేసింది.

నేను ఉండేది జర్మనీలో. ఆఫీసులో నా పక్క సీటు ఆవిడది ఉత్తర గ్రీసులో కవాలా దగ్గర నేయా కర్వాలి అనే ఊరు. "నేయా" అంటే కొత్త. మరి పాత కర్వాలి ఎక్కడంటే టర్కీలో, కప్పదోకియా ప్రాంతంలో. టర్కిష్‌లో దాన్ని గెల్వెరి అనేవారు. ఇప్పుడు మ్యాపులో గుజెల్‌యుర్త్ అని కనిపిస్తుంది. 1923 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో గ్రీసు, టర్కీ జనాన్ని మార్చుకునే ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఎవరు ఎటు పోవాలో తేల్చింది మతం, భాష కాదు. అందుకే గెల్వెరి క్రైస్తవులు ఇంట్లో టర్కిష్ మాట్లాడేవాళ్లే అయినా గ్రీసుకు వెళ్లాల్సి వచ్చింది. అటు క్రీటు దీవి ముస్లింలు గ్రీకు మాట్లాడుతూనే టర్కీలో దిగారు. ఈవిడ నాయనమ్మ 1924లో ఎనిమిదేళ్ల పిల్లగా ఆ ప్రయాణం చేసింది.

వచ్చే వేసవిలో ఆ పాత ఊరు చూసి రావాలని ఈవిడ ప్లాన్. కవాలా నుంచి కారులో ఇప్సాలా దగ్గర సరిహద్దు దాటి ఇస్తాంబుల్, అక్కడి నుంచి అక్సరాయ్ మీదుగా ఊరికి. హోటళ్లలో ఇంగ్లిష్‌తో పని జరిగిపోతుంది. కానీ నాయనమ్మ ఊళ్లో నాయనమ్మ భాషే మాట్లాడాలని పట్టుదల. వారానికి రెండు సాయంత్రాలు టర్కిష్ క్లాసుకు వెళ్తోంది.

మాటల దగ్గర ఆవిడకు పెద్ద ఇబ్బంది రాలేదు. జేబును టర్కిష్‌లో "జెప్" అంటారు, గ్రీకులో "చేపి" (చాపలో చ లాగా పలకాలి). పరదా అక్కడ "పెర్దె", ఇక్కడ "బెర్దెస్". మైదానం "మెయ్‌దాన్", "మెయిదాని". వంట బాగుంటే వండినవాళ్లతో టర్కిష్‌లో "ఎల్లెరినె సాలిక్" అంటారు, గ్రీకులో "యా స్త హెర్యా సు". రెండింటికీ అర్థం "నీ చేతులు చల్లగా ఉండాలి" లాంటిదే. ఆవిడ చదువుతుంటే నాకు చుట్టాలింట్లో కూర్చున్నట్టు ఉంది. మన కలం సంగతి మరీ ముచ్చట. గ్రీకు "కలమోస్" అంటే రెల్లు. అది అరబ్బీలో "కలమ్" అయింది. అక్కడి నుంచి ఒక దారిన మన దాకా వచ్చింది. ఇంకో దారిన టర్కిష్‌లో "కలెమ్" అయి, మళ్లీ గ్రీకులోకే "కలెమి" అని చేరింది, ఉలి అనే అర్థంతో. మెట్టినింటి పేరు పెట్టుకుని పుట్టింటికి వచ్చిన ఆడపడుచన్నమాట.

టెన్షన్ మొదలైంది క్రియల దగ్గర. క్లాసులో ఒక్కొక్కరినీ ఇంటివాళ్ల గురించి చెప్పమన్నారు. ఈవిడ ముందు రోజే బట్టీపట్టుకుని వెళ్లి "నినెమ్ గెల్వెరిదె దోదు" అంది. మా నాయనమ్మ గెల్వెరిలో పుట్టింది. మాటలు సరిగ్గానే ఉన్నాయి, విభక్తి కూడా సరిగ్గానే పడింది. టీచరమ్మ చిరునవ్వుతో "గోర్దున్ ము?" అని అడిగింది. నువ్వు చూశావా?

చూడలేదు కదా. కళ్లతో చూడని గతానికి "దోదు" కాదు, "దోముష్" అనాలని పాఠం. (ఈ రెండు మాటల మధ్యలో రాతలో ఒక మెత్తని "గ" ఉంటుంది. అది పలకదు, ముందున్న అచ్చును సాగదీస్తుందంతే.)

మర్నాడు కాఫీ దగ్గర నోట్‌బుక్ నా ముందు పెట్టింది. రెండు వరసలు. ఒకదాంట్లో "గెల్ది", రెండోదాంట్లో "గెల్మిష్". "రెండింటికీ గ్రీకులో 'ఇర్థే' అనే రాసుకున్నాను. తేడా ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కడం లేదు" అంది. నేను ఆ కాగితం మీదే పక్కన తెలుగులో రాశాను: వచ్చాడు. వచ్చాడట. చదివి వినిపించాను. మొదటిది నేను చూసినది, రెండోది నాకెవరో చెప్పినది అన్నాను. ఆవిడ ఆ "ట" మీద వేలు పెట్టి "ఇంత చిన్నదా?" అంది.

కాసేపటికి తనే ఇంకో సంగతి చెప్పింది. నాయనమ్మ కథ మొదలుపెట్టినప్పుడల్లా అనే మాట ఒకటి ఈవిడకు నోటికి వచ్చు, అర్థం మాత్రం తెలియదు: "బిర్ వర్మిష్ బిర్ యోక్ముష్". చిన్నప్పుడు అదేదో మంత్రం అనుకునేదట. వర్ అంటే ఉంది, యోక్ అంటే లేదు. ఒకప్పుడు ఉందట, ఒకప్పుడు లేదట. టర్కిష్ కథలు ఎక్కువగా అలాగే మొదలవుతాయి. గ్రీకు కథ "ఒకసారి, ఒక కాలంలో" అని మొదలవుతుంది, ఎప్పుడు జరిగిందో చెబుతుంది. మన "అనగనగా" అలా కాదు. అందులో ఉన్నది "అను" ధాతువు. ఎవరో అంటే విన్నాను, నేనూ అంటున్నాను అని చెప్పి కథలోకి దిగుతాం. ఆవిడ ఆ వాక్యాన్ని నోట్‌బుక్‌లో రాసుకుని మిష్, ముష్ రెండింటి కిందా గీత గీసింది (రెండూ ఒకటే, ముందున్న అచ్చును బట్టి అలా మారుతుంది). ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మీ ఇళ్లలో, మీ ఊళ్లలో "అట" ఎక్కడెక్కడ వాడతారో చెప్పండి. చిన్న ఉదాహరణ అయినా సరే.

*

కరీంనగర్ నుంచి ఒక సభ్యురాలు:

మా దిక్కు "వచ్చిండట", "వచ్చిందట". అట అంటే అనుమానం అనుకుంటారు చాలామంది, అది తప్పు. మా అమ్మ "పక్కింటామె బిడ్డకు పెండ్లి కుదిరిందట" అన్నప్పుడు ఆమెకు రవ్వంత అనుమానం ఉండదు. నేను పెండ్లిచూపులకు పోలేదు, నాకు చెప్పిన్రు అని మాత్రమే. తాను చూసినంతే తాను చూసినట్టు చెప్పడం. నాకు అందులో మర్యాద కనిపిస్తది.

*

గుంటూరు నుంచి ఒక మిత్రుడు:

మేం "వచ్చాడంట" అంటాం అండీ. ఒక ప్రశ్న. మిష్ అంటే అచ్చంగా అటేనా? నేను టర్కిష్ సీరియళ్లు సబ్‌టైటిల్స్‌తో చూస్తాను. ఎవరూ ఏమీ చెప్పని చోట కూడా మిష్ వినిపిస్తుంది.

*

నా జవాబు:

బాగా పట్టుకున్నారు. అచ్చంగా ఒకటి కాదు. పొద్దున్నే తలుపు తీస్తే వీధంతా తెల్లగా ఉంది. రాత్రి మంచు పడటం మీరు చూడలేదు, ఎవరూ చెప్పలేదు కూడా. టర్కిష్‌లో "కర్ యామిష్" అంటారు. మనం "మంచు పడిందట" అనం, "మంచు పడినట్టుంది" అంటాం. విన్నదానికి మనకు "అట", ఆనవాలు చూసి ఊహించినదానికి "నట్టుంది". వాళ్లకు రెండింటికీ మిష్ ఒక్కటే. బస్సులో కునుకు పట్టి లేచి "ఉయుముషుమ్" అంటారు, "నిద్రపోయినట్టున్నాను" అని. ఇక్కడ మన భాషే ఎక్కువ వివరంగా ఉంది.

తన గురించి తాను ఇతరుల నోట విన్నప్పుడు మాత్రం రెండూ సరిగ్గా కలుస్తాయి. "చిన్నప్పుడు బాగా ఏడ్చేవాడినట" అనడానికి టర్కిష్ "కుచుక్కెన్ చోక్ ఆలర్మిషిమ్". ముక్కముక్కా సరిపోతుంది చూడండి: ఆలర్, ఏడ్చే, మిష్, అట, ఇమ్, నేను. వరసలో మాత్రం "నేను" మనకు అట ముందు వస్తుంది, వాళ్లకు మిష్ తర్వాత.

ఇంకో చోట జాగ్రత్త. ఒంట్లో బాగాలేనివాళ్లను పలకరిస్తూ "గెచ్మిష్ ఒల్సున్" అంటారు. గడిచిపోయినదై ఉండాలి అని. గ్రీకులోనూ సరిగ్గా ఇదే భావంతో "పెరస్తికా" అంటారు. అందులోని మిష్ విన్నమాట గుర్తు కాదు, "గడిచిన" లాంటి విశేషణం. మా గ్రీకు స్నేహితురాలు దాన్ని కూడా అట అనుకుని ఒక రోజంతా తికమకపడింది.

గ్రీకులో అసలేమీ లేదని కాదు. కథ చెబుతూ మధ్యలో "లేయి" అని వేస్తారు, "అంటాడు" అని. వేసినా వేయకపోయినా వాక్యం నిలబడుతుంది. టర్కిష్‌లో జరిగిపోయినదాన్ని చెప్పే క్రియ పూర్తి చేయాలంటే మామూలుగా చూశావా, విన్నావా తేల్చుకోవాలి.

*

పత్రికలో పనిచేసే ఒక సభ్యుడు:

మా డెస్కులో "అట" రాస్తే కొట్టేస్తారు, "అని సమాచారం" అని మారుస్తారు. నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఒక్క అక్షరం చేసే పనిని రెండు మాటలు చేస్తున్నాయి, అయినా అంత నిజాయితీగా లేవు.

*

ఒక రిటైర్డ్ తెలుగు పండితులు:

ఇంత చర్చ జరిగి పోతన పద్యం ఎవరూ ఎత్తలేదేమిటి?

పలికెడిది భాగవతమట,
పలికించెడివాడు రామభద్రుండట, నే
పలికిన భవహర మగునట,
పలికెద, వేరొండు గాథ పలుకగ నేలా?

నలభై ఏళ్లు పిల్లలకు చెప్పాను. భక్తి గురించి చెప్పాను, వినయం గురించి చెప్పాను. క్రియల వైపు చూడండి అని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. వరసగా మూడు అటలు. భాగవతమట, రామభద్రుండట, అగునట. ఈ మూడూ తన మాటలు కావు, తనకు తెలియవచ్చినవి. నాలుగో పాదంలో "పలికెద". అక్కడ అట లేదు. ఆ ఒక్కటీ తనది. మీ స్నేహితురాలి టీచరమ్మ పోతనగారిని "గోర్దున్ ము" అని అడగాల్సిన పని ఉండదు. ఆయన ముందే చెప్పేశారు.

సామెతలూ చూసుకోండి. "తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట." ఆ చివరి ట తీసేస్తే అది సామెత కాదు, ఎవరి మీదో ఫిర్యాదు అవుతుంది.

*

నా జవాబు:

మాస్టారూ, ఈ పద్యం నాకు నోటికి వచ్చు. ఇలా ఎప్పుడూ వినలేదు. ధన్యవాదాలు. సామెత మాట అన్నారు కాబట్టి, టర్కులు నస్రెద్దీన్ హోజా (మనం ముల్లా నస్రుద్దీన్ అనే ఆయనే) కథలు చెప్పుకునేది కూడా మిష్‌తోనే: "హోజా దెమిష్ కి", హోజా అన్నాడట. ఆ హోజా గ్రీకులకూ తెలుసు. వాళ్లకు ఆయన నస్త్రదిన్ హొజాస్.

*

ఇంకొకరు:

అయితే తెలుగు, టర్కిష్ చుట్టాలేనా? క్రియ చివర రావడం, మాటకు మాట అతికించుకుంటూ పోవడం, అన్నీ కలుస్తున్నాయి.

*

నా జవాబు:

కాదండీ. 1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం రాస్తూ వీటికి టర్కిష్ వంటి భాషలతో బంధుత్వం ఉందని వాదించాడు. ఆ వాదన నిలబడలేదు. మనది ద్రావిడం, వాళ్లది తుర్కిక్. పోలికలు మాత్రం చూసేకొద్దీ కనిపిస్తాయి. "పుస్తకం గిస్తకం" అన్నట్టు వాళ్లు "కితాప్ మితాప్" అంటారు. మనకు గి, వాళ్లకు మ. "టీ గీ తాగుదామా" అన్నట్టు "చాయ్ మాయ్". బంధుత్వం లేకపోయినా చూసి సంతోషపడటానికి అడ్డేమీ లేదు.

*

చివరగా ఒక కబురు. పోతన పద్యాన్ని నాకు వచ్చినట్టు ఆ గ్రీకు స్నేహితురాలికి వివరించాను. అట, అట, అట, పలికెద. ఆవిడ నోట్‌బుక్ మొదటి పేజీ తీసి చూపించింది. ఊళ్లోకి వెళ్లగానే ఎదురైన మొదటి మనిషితో అనడానికి రెండు వాక్యాలు రాసిపెట్టుకుంది: "నినెమ్ బురాదా దోముష్. బెన్ ఇల్క్ దెఫా గెల్దిమ్."

మా నాయనమ్మ ఇక్కడే పుట్టిందట. నేను మొదటిసారి వచ్చాను. మొదటి వాక్యంలో మిష్, రెండోదాంట్లో ది. "దెఫా" మన దఫానే.

గ్రీకులో "ష" లేదు కాబట్టి ఆవిడ నోట్లో "దోముస్" వస్తోంది. మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చుని "ష, ష" అని పలికిస్తున్నాను. ఈ రోజు రెండుసార్లు సరిగ్గా వచ్చింది.