సమస్య: ఒకటి తీసివేయ నొదవె నేడు

తిరువాన్మియూరు మాస్టారు:
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పై మూడూ మీరు పూరించాలి. ఒకటి తీసేస్తే ఏడు ఒదవింది, అంటే దొరికింది అని దాని అర్థం. ఎనిమిదిలోంచి ఒకటి తీస్తే ఏడని మాత్రం పంపకండి. సంఖ్య లక్ష దాటాలి, లెక్క నిజమవ్వాలి, యతి తప్పకూడదు.

అంబత్తూరు తమ్ముడు:
లక్షలు పది వేసి లక్షణమ్ముగఁ జూడ
నేడుచేత భాగ మియ్య నొకటి
శేషమగును గాన చింతింప నేలయ్య
యొకటి తీసివేయ నొదవె నేడు

పది లక్షల్ని ఏడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది మాస్టారూ. ఆ ఒకటి తీసేస్తే 999999, అంటే సరిగ్గా 7 × 142857.

తిరువాన్మియూరు మాస్టారు:
లెక్క సరే, రెండో పాదంలో ఏ, ఇ యతి కూడా బాగా కుదిరింది. "చింతింప నేలయ్య" మాత్రం యతి కోసం తెచ్చి పెట్టినదే. చేతిలో 142857 ఉంది కదా, రెండుతో గుణిస్తే 285714, మూడుతో 428571, అవే ఆరు అంకెలు చక్రంలా తిరుగుతుంటాయి, ఆ అందం పద్యంలోకి రావాల్సింది. పైగా ఏడు "ఒదవడం" అంటే ఏడుతో శేషం లేకుండా తెగడం అని అర్థాన్ని లాగాల్సి వస్తోంది.

పెరంబూరు అక్క:
ఒకటి మొదలుపెట్టి యూరకే రెట్టింప
నరువదియును నాల్గు హద్దు చేర
నున్న బీజమెల్ల నొక్క రెండే కాగ
నొకటి తీసివేయ నొదవె నేడు

ఒకటిని 64 సార్లు రెట్టింపు చేస్తే వచ్చే సంఖ్యకి రెండు తప్ప వేరే ప్రధాన కారణాంకం లేదు. ఒకటి తీస్తే 18446744073709551615, చదరంగం మొదటి గడిలో ఒక గింజ పెట్టి గడిగడికీ రెట్టింపు చేస్తే వచ్చే గింజల మొత్తం, మన గణిత కవి పావులూరి మల్లన ఎప్పుడో పద్యంలో పెట్టిన సంఖ్య. దానికి ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఒక్కటీ రెండోసారి రాదు!

తిరువాన్మియూరు మాస్టారు:
అమ్మా, ఇదీ పూరణంటే. ఒక్క కారణాంకం ఉన్నచోట ఒకటి తగ్గించగానే ఏడు పుట్టుకొచ్చాయి, సమస్యలోని చిక్కు దానంతటదే విడిపోయింది. "యూరకే" ఒక్కటే వ్యర్థపదం, "యోపికన్" అనండి, గణమూ యతీ చెడవు, అర్థమూ పెరుగుతుంది. "బీజం" అనగానే బీజగణితం గుర్తొస్తుందేమో, అదీ చూడండి.

అంబత్తూరు తమ్ముడు:
అక్కా, నమ్మకం కుదరక 641 × 6700417 పొద్దున లోకల్ రైల్లో కరెంటు బిల్లు వెనక పెన్నుతో వేశాను. సెంట్రల్ చేరేసరికి 4294967297 వచ్చింది, అంటే రెండుని 32 సార్లు గుణించి ఒకటి కలిపినది. గణిత శాస్త్రవేత్త ఫెర్మా దీన్ని ప్రధాన సంఖ్యే అనుకున్నాడు, 1732లో ఆయిలర్ అనే మరో గణితజ్ఞుడు 641తో విరగ్గొట్టాడు. మిగతా అయిదూ గుణిస్తే 4294967295. ఈ రెంటి లబ్ధమే మీ సంఖ్య.

పెరంబూరు అక్క:
"ఓపికన్" తీసుకున్నాను మాస్టారూ. "బీజం" మాత్రం మార్చను. అంత పెద్ద సంఖ్యా రెండు అనే ఒక్క విత్తనంలోంచే మొలిచిందని చెప్పడానికి నాకు ఇంకో మాట దొరకలేదు.